పాత థ్రెడ్ లేపే ముందు

నమస్తే అండీ. మొన్న రాత్రి పదకొండున్నరకి, ఇక పడుకుందాం అనుకుంటుంటే ఫోన్ టింగుమంది. ఒక ఫోరమ్ నుంచి మెయిల్. మీ పోస్ట్‌కి కొత్త రిప్లై వచ్చిందట. ఈమధ్య నేనెక్కడా ఏమీ పెట్టలేదే అనుకుంటూ తెరిచాను. 2013లో పెట్టిన అమ్మకం పోస్ట్ అది. 17 అంగుళాల డబ్బా మానిటర్, 1,200 రూపాయలు, వచ్చి తీసుకెళ్లాలి. దాని కింద ఒకబ్బాయి రాశాడు: "అన్నా, ఉందా? లాస్ట్ ప్రైస్ ఎంత?"

ఉందా అంటే ఏం చెప్పను! నేను అమ్మేశాను, కొన్నాయన వాడేశాడు, ఆ తర్వాత అది పాత సామాన్ల బండెక్కి ఎన్నేళ్లయిందో కూడా తెలీదు. నవ్వుకుని పడుకున్నాను.

అసలు తమాషా పొద్దున్న మొదలైంది. లేచేసరికి అబ్బాయిదాంతో కలిపి 14 రిప్లైలు. వాడి తర్వాత మొదటివాడు "డేట్ చూసుకో బ్రో" అన్నాడు. రెండోవాడు కూడా అదే అన్నాడు. మూడోవాడు "మానిటర్‌తో పాటు మ్యూజియం టికెట్ కూడా ఇస్తారా" అన్నాడు. ఇంకొకాయన ఫోరమ్ రూల్స్ మొత్తం కాపీ చేసి అంటించాడు. చివరికి ఫోరమ్‌ని చూసుకునే మోడరేటర్ వచ్చి థ్రెడ్‌కి, అంటే పోస్టూ దాని కింది రిప్లైలూ కలిసిన ఆ చర్చ మొత్తానికి, తాళం వేశాడు. అబ్బాయి మళ్లీ కనపడలేదు.

ఇవాళ మాట్లాడుకుందామనుకున్నది దీని గురించే. పాత చర్చ కింద రిప్లై పెట్టొచ్చా, పెట్టకూడదా?

ఇంగ్లీషు ఫోరమ్‌లలో దీన్ని నెక్రోపోస్టింగ్ అంటారు. నెక్రోస్ అంటే గ్రీకులో శవం. పూడ్చిపెట్టినదాన్ని తవ్వి తీయడం అన్నమాట. పేరులోనే తిట్టుంది. కానీ ఆ తిట్టు వెనక ఒక మామూలు యాంత్రికమైన కారణం ఉంది, అది తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది.

చాలా ఫోరమ్‌లలో థ్రెడ్‌లు ఏ వరసలో కనిపిస్తాయి? మొదలైన తేదీని బట్టి కాదు, చివరి రిప్లై ఎప్పుడొచ్చిందో దాన్ని బట్టి. మీరు కింద ఒక్క ముక్క రాసినా థ్రెడ్ లేచి మొదటి పేజీలో, అన్నిటికన్నా పైన కూర్చుంటుంది. దాన్నే బంప్ అంటారు. పొద్దున్నే ఇంటర్వ్యూ ఉంది, ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదు అని ఒకమ్మాయి అప్పుడే అడిగిందనుకోండి. ఆ ప్రశ్న నా డబ్బా మానిటర్ కిందికి జారిపోతుంది. బస్టాప్‌లో అరగంట నుంచి నిలబడ్డవాళ్లని తోసుకుని ముందు ఎక్కినట్టు. కోపం దానికి.

సరే, కోపం న్యాయమే. మరి "డేట్ చూసుకో బ్రో" అన్నవాళ్లు చేసిందేమిటి? వాళ్ల ప్రతి రిప్లై కూడా ఆ థ్రెడ్‌ని మళ్లీ పైకే లేపింది! అబ్బాయి ఒక్కసారి లేపాడు, పెద్దమనుషులు పదమూడుసార్లు లేపారు. ఎవరైనా పొరపాటున పాతదాన్ని లేపితే రిప్లై పెట్టకండి. రిపోర్ట్ బటన్ నొక్కి ఊరుకోండి, మోడరేటర్ చూసుకుంటాడు.

జపాన్ వాళ్లు దీనికి భలే ఉపాయం పెట్టుకున్నారు. అక్కడ 1999లో 2చానెల్ అని ఒక పెద్ద బోర్డు మొదలైంది. పోస్ట్ రాసేటప్పుడు మెయిల్ అడ్రస్ గడిలో 'సగే' అని కొడితే మీ మాట థ్రెడ్‌లో చేరుతుంది గానీ థ్రెడ్ పైకి లేవదు. సగే అంటే కిందికి దించడం. పదిమంది మాట్లాడుకుంటున్న గదిలోకి చెప్పులు బయట విడిచి, చప్పుడు చేయకుండా వచ్చి కూర్చోవడం లాంటిది. మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా అలాంటి బటన్ ఒకటి ఉంటే ఎంత బాగుండేదో.

వాట్సాప్ అంటే గుర్తొచ్చింది. మా ఫ్యామిలీ గ్రూప్‌లో పోయిన ఏడాది మా పెదనాన్న ఏదో వెతుకుతూ పాత మెసేజ్‌ల్లోకి వెళ్లిపోయారు. "బాబాయిని హాస్పిటల్లో చేర్చాం" అన్న రెండేళ్ల కిందటి మెసేజ్ కనపడింది. దాన్నే పట్టుకుని "ఇప్పుడెలా ఉంది నాన్నా?" అని రిప్లై కొట్టారు. కోట్ చేసిన మెసేజ్ మీద తేదీ కనపడదు కదా. ఇక చూస్కోండి, వైజాగ్ నుంచి ఒక ఫోన్, డల్లాస్ నుంచి ఒక ఫోన్, మా అత్తయ్యకి టెన్షన్. బాబాయి మాత్రం వరండాలో కూర్చుని పెసరట్టు తింటున్నారు.

తేదీ కనపడకపోవడమే అసలు చిక్కు. 1980లలో యూజ్‌నెట్ అని ఉండేది, ఈ చర్చావేదికలకి తాత లాంటిది. డిస్క్‌లో చోటు చాలక సర్వర్లు కొన్ని రోజులకో వారాలకో పాత పోస్టుల్ని తీసేసేవి. పాత థ్రెడ్ లేపడమన్న మాటకే చోటు లేదు, లేపడానికి అదక్కడ ఉంటే కదా! 1995లో డెజా న్యూస్ వచ్చి ఆ పోస్టుల్ని దాచిపెట్టి, వెతుక్కునే వీలు కల్పించింది. 2001లో గూగుల్ దాన్ని కొనేసింది. అప్పటిదాకా మాట అంటే గాలికి పోయేది. ఆ తర్వాత గూగుల్లో వెతికినవాడికి నిన్నటి మాటా, పదిహేనేళ్ల కిందటి మాటా ఒకే పేజీలో పక్కపక్కన కనపడటం మొదలైంది. మా మానిటర్ అబ్బాయి కూడా అలా వచ్చినవాడే. వాడి తప్పు ఉంది గానీ, మరీ అంత లేదు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. పాత థ్రెడ్‌ని కచ్చితంగా లేపాల్సిన సందర్భాలున్నాయి. మన తెలుగు అక్షరమే ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌లకి ఒక జబ్బు పట్టుకుంది, గుర్తుందా? ఎవరైనా 'జ్ఞా' అని పంపితే, దాన్ని చూపించబోయి యాప్ క్రాష్ అయ్యేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ మొత్తానికే ఎసరు. ప్రపంచమంతా ఆ వారం మన జ్ఞాకి భయపడింది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. అక్కడితో కథ అయిపోయింది. కానీ "ఐఫోన్ వాళ్లకి తెలుగులో మెసేజ్ పంపకండి" అని ఆ వారం రాసిన హెచ్చరికలు మాత్రం అలాగే ఉన్నాయి. అలాంటి థ్రెడ్ కింద ఎవరూ ఏమీ రాయకపోతే, ఇవాళ చదివే కొత్తవాడు దాన్ని ఇవాళ్టి సంగతే అనుకుంటాడు. "ఇది 2018లోనే 11.2.6తో పోయింది" అని ఒక్క లైన్ రాసి లేపండి. ఎవడైనా డేట్ చూసుకో అంటే, చూసుకునే రాశానని చెప్పండి.

ప్రోగ్రామర్లు ప్రశ్నలూ జవాబులూ రాసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్లో అయితే దీనికి బిరుదు కూడా ఇస్తారు. 60 రోజులు దాటిన ప్రశ్నకి జవాబు రాసి, దానికి 5 ఓట్ల స్కోరు వస్తే 'నెక్రోమాన్సర్' బ్యాడ్జ్, అంటే చచ్చినవాళ్లని లేపే మంత్రగాడన్నమాట. ఒకచోట తిట్టు, ఇంకోచోట పతకం. ఎందుకంటే అక్కడ ప్రశ్న అడిగినవాడి కోసమే కాదు, రేపు వెతుక్కుంటూ వచ్చేవాడి కోసం కూడా రాస్తారు. రెడిట్ అనే చర్చల సైట్ చాలాకాలం ఆరు నెలలు దాటిన పోస్టుల్ని మూసేసేది, 2021లో ఆ నిర్ణయం ఆయా గ్రూపులకి వదిలేసింది. మన తెలుగు వికీపీడియాలో అందరూ మాట్లాడుకునే పేజీ రచ్చబండ, అక్కడ పాత చర్చల్ని వేరే పేజీల్లోకి తరలిస్తారు. మళ్లీ మాట్లాడాలంటే కొత్త చర్చ మొదలుపెట్టి పాతదానికి లింక్ ఇవ్వడం మేలు. ఎక్కడైనా నేను చేసేది కూడా ఇదే. సమస్య నాది, థ్రెడ్ ఇంకొకరిది అయితే కొత్తది తెరుస్తాను, పాతదాని లింక్ పెడతాను.

ఇక "నాక్కూడా సేమ్ ప్రాబ్లం" బ్యాచ్. నాకు వీళ్లంటే ఒళ్లు మంట. మానిటర్ అబ్బాయి కనీసం కొందామని వచ్చాడు. ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్లో 'ప్లస్ వన్', అంటే నాదీ అదే మాట, అని కొట్టే ఇలాంటి రిప్లైలతో విసిగి 2016 జనవరిలో ప్రోగ్రామర్లు కంపెనీకి బహిరంగ లేఖ రాశారు. మార్చికల్లా బొటనవేలు బొమ్మ బటన్లు వచ్చాయి. ఆ బటన్ ఉన్నచోట దాన్నే నొక్కండి, దణ్ణం పెడతాను.

వీళ్లకంటే పాపాత్ములు ఇంకొకరున్నారు. ప్రశ్న అడిగి, పదిమంది చేత పనిచేయించుకుని, చివర్లో "సాల్వ్ అయింది, థాంక్స్" అని రాసి వెళ్లిపోయేవాళ్లు. ఎలా సాల్వ్ అయిందో చెప్పరు. ఆ లిస్టులో నేనూ ఉన్నాను, ఒప్పుకోవాలి.

2016లో మా ఊరి గుడి సావనీర్ ఫైల్ నా దగ్గరికొచ్చింది, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసింది. అను ఫాంట్స్ అనే తెలుగు ఫాంట్లలో కొట్టింది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనపడతాయి, ఎందుకంటే అది యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి, కాదు. ఏం చేయాలని ఫోరమ్‌లో అడిగాను. కుస్తీ పట్టి మార్చుకున్నాను. "అయిపోయింది, థాంక్స్ అందరికీ" అని రాసి మాయమయ్యాను. మూడేళ్ల తర్వాత ఒకాయన నా పోస్ట్ కింద అడిగారు: "ఎలా చేశారో చెప్పగలరా అండీ? మా నాన్నగారి పద్యాలన్నీ అను ఫైల్స్‌లో ఉండిపోయాయి." నేను ఆ మెయిల్ అడ్రస్ వాడటం మానేశాను, చూడలేదు.

పోయిన వారం ఈ వీడియో కోసం పాత పోస్టులన్నీ తిరగేస్తుంటే కనపడింది. కూర్చుని అంతా రాశాను. టెక్స్ట్ ఎలా బయటికి తీయాలి, కన్వర్టర్‌లో ఎలా వేయాలి, ఏ వత్తులు తారుమారవుతాయి, ఏవి చేత్తో దిద్దుకోవాలి, అన్నీ. ఆలస్యానికి క్షమించమని కూడా రాశాను. ఆయన ఇంకా చూసినట్టు లేరు. ఆ కింద ఒక రిప్లై మాత్రం వచ్చింది, వేరే ఎవరి నుంచో.

"డేట్ చూసుకో బ్రో."