‘రైట్’ అంటే ఏ వైపు? – ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. కారును వెనక్కి నడిపి పార్కింగ్‌లో పెట్టడం గురించి విజయనగరం డ్రైవింగ్ మాస్టారు మాట్లాడతారు. తొలి ఫోను నరసన్నపేట నుంచి.

శ్రోత: మాస్టారూ, అసలు వెనక్కి ఎందుకు? ముందుకు దూర్చేస్తే సరిపోదా?

మాస్టారు: తిరిగేవి ముందు చక్రాలు బాబూ. తోకను ముందు లోపలికి పెడితే, తిరిగే చక్రాలు ఇంకా బయటే ఉంటాయి కాబట్టి మూతిని సర్దుకోవచ్చు. పైగా బయటికి వచ్చేటప్పుడు రోడ్డు కనిపిస్తుంది. సాయంత్రం గంటస్తంభం దగ్గర రోడ్డు మీదకు వెనక్కి వచ్చి చూడండి, తెలుస్తుంది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తరువాత విజయనగరం కంటోన్మెంట్ నుంచి.

శ్రోత: నమస్కారం మాస్టారూ. రెండు నెలలుగా నేర్చుకుంటున్నాను. మా ఇల్లు సందు చివర, ఎడమ పక్కన. సందులో కిరాణా కొట్టు, దాని ముందు ఎప్పుడూ స్కూటర్లు, వాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా...

మాస్టారు: ఏమైందో చెప్పండమ్మా.

శ్రోత: వస్తున్నానండీ. మావారు వెనక నిలబడి ‘రైట్, రైట్’ అన్నారు. నేను కుడికి తిప్పాను. వెళ్ళి పక్కవారి మెట్లకు తగిలింది. రైట్ అంటే రమ్మని, బస్సు కండక్టరు అన్నట్టు అన్నాను అంటారు! తప్పు నాదా?

మాస్టారు: (నవ్వు) ఇద్దరిదీ. ఆ మాటను ఇంట్లో నిషేధించండి. ‘రా’, ‘ఆపు’, రెండే చాలు. ఆయన బండి వెనక నడిమధ్య నిలబడకూడదు. పక్కకు, మీ అద్దంలో కనిపించేలా ఉండాలి. కనిపించకపోతే వెంటనే బ్రేకు.

శ్రోత: మరి స్టీరింగ్? వెనక్కి వెళ్ళేటప్పుడు తిరగేసి తిప్పాలని మా మరిది అన్నాడు.

మాస్టారు: తిరగేయడం ఏమీ లేదు. తోక ఎడమకు వెళ్ళాలంటే స్టీరింగ్ ఎడమకే. అయితే అప్పుడు మూతి కుడికి విసురుతుంది. అందరూ వెనక్కే చూస్తుంటారు, ముందు బంపరు గేటుకు రాసుకుంటుంది.

శ్రోత: గేటుకు కూడా రాసుకుందండీ. అది చెప్పలేదు.

మాస్టారు: చెప్పనక్కరలేదు, తెలుస్తూనే ఉంది.

శ్రోత: అయితే ఎడమకు వెళ్ళాలంటే కుడికి తిప్పాలా?

మాస్టారు: అమ్మా! ఎడమకు ఎడమే. వినండి. ఖాళీకి ఓ మీటరు ఎడంగా, దాన్ని దాటి ముందుకు వెళ్ళండి. మూతిని కాస్త కుడికి మళ్ళించి ఆపండి. ఎడమ అద్దంలో ఖాళీ కనిపించాక ఎడమకు తిప్పుతూ వెనక్కి రండి. రెండు అద్దాల్లోనూ పక్కల ఎడం సమానమయ్యాక చక్రాలు సూటిగా. బండి క్లచ్ మీదే పాకాలి, యాక్సిలరేటర్ జోలికి పోవద్దు. అనుమానం వస్తే ఆపి, దిగి చూడండి. దిగడం నామోషీ కాదు. ముందు ఖాళీ మైదానంలో రెండు నూనె డబ్బాల మధ్య చేయండి, డబ్బాకు సొట్ట పడితే ఎవరూ తిట్టరు.

వ్యాఖ్యాత: శ్రీకాకుళం నుంచి, క్లుప్తంగా.

శ్రోత: కెమెరా ఉంటే అద్దాలు చూడాలా?

మాస్టారు: కెమెరా తోకను చూపిస్తుంది, మూతిని చూపదు. లెన్సుకు బురద అంటితే అదీ లేదు. ఎడమ అద్దం ఉబ్బుగా ఉంటుంది, అందులో వస్తువులు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తాయి. మెడ తిప్పి చూడండి. అనుమానం వస్తే దిగండి.

వ్యాఖ్యాత: రాజాం.

శ్రోత: ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి పది రోజులైంది, పరీక్షకు...

మాస్టారు: 30 రోజులు దాటాలి. చెల్లేది 6 నెలలు. ఎల్ బోర్డు పెట్టుకోండి, పక్కన లైసెన్సు ఉన్న మనిషి లేకుండా...

వ్యాఖ్యాత: మళ్ళీ కంటోన్మెంట్ నుంచే.

శ్రోత: మాస్టారూ, మావారు ఇప్పుడు పక్కనే వింటున్నారు. ‘రైట్’ అనకూడదని ఇంకోసారి చెప్పండి.

మాస్టారు: అనకండి సార్. వెనక నుంచి పక్కకు జరగండి, అద్దంలో కనిపించాలి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. నమస్కారం.