చదివాడు సరే, అర్థమైందా?

సభకు నమస్కారం. సమయం తక్కువ, పేరుపేరునా పలకరించలేను, పెద్దలు మన్నించాలి. అక్షరాస్యత గురించి మాట్లాడమన్నారు. నేను పాఠం చివర ఉండే ప్రశ్నల గురించి మాట్లాడతాను.

ఒక వాక్యం వినండి. 'గిబ్బడు లోమలో తూసాడు.' గిబ్బడు ఎక్కడ తూసాడు? ముందు వరసలోంచి 'లోమలో' అన్నారు. ఒప్పే, పూర్తి మార్కులు! గిబ్బడెవరో, లోమ ఏమిటో ఎవరికీ తెలియదు. పిల్లలు ఏళ్ల తరబడి చేస్తున్నదిదే. ప్రశ్నలోని మాటలు పాఠంలో ఎక్కడున్నాయో వెతికి, ఆ వాక్యం దించేస్తారు. దాన్ని చదవడం అంటున్నాం. నాకు కడుపు మండేది ఇక్కడే.

అమెరికాలో మాథ్యూ లిప్‌మన్ అనే తత్త్వశాస్త్ర ఆచార్యుడు, కాలేజీకొచ్చాక ఆలోచించడం నేర్పితే ఆలస్యమైపోతోందని 1974లో మాంట్‌క్లెయిర్‌లో పిల్లల తత్త్వచర్చల కోసమే ఒక సంస్థ పెట్టారు. పిల్లలు గుండ్రంగా కూర్చుని తలో పేరా చదువుతారు. ప్రశ్నలూ వాళ్లవే. బోర్డు మీద ప్రశ్న పక్కన అడిగినవాళ్ల పేరుంటుంది.

అలాంటి తరగతిలో కూర్చున్నాను. కథలో ఒకబ్బాయి దొరికిన గడియారాన్ని దాచుకుంటాడు. 'చెల్లెలు చూసింది. మర్నాడు తిరిగిచ్చేశాడు' అని ఉంది. వాడు మంచివాడేనా అని ఒక పాప అడిగింది. 'ఇచ్చేశాడుగా' అన్నాడొకడు. 'చెల్లి చూసిందని భయపడి ఇచ్చాడు' అంది ఇంకో పిల్ల. 'భయపడ్డాడని ఎక్కడుంది?' అన్నారు టీచరు, అంతే. అందరూ పుస్తకాలు తెరిచారు. ఎక్కడా లేదు. ఆ రెండు వాక్యాల మధ్య రాయని కారణం కోసం ముప్పావుగంట వాదించుకున్నారు. కూడబలుక్కుని చదివే పిల్లాడొకడు, ఎవరూ చెప్పకుండానే, ఆ పేజీ మళ్లీ మొదటినుంచి చదివాడు. చూస్తున్నారా, వాడికిప్పుడు చదవడంతో పనిపడింది!

పెద్దలకైనా అంతే. 1963లో బ్రెజిల్‌లోని అంజికోస్‌లో పాలో ఫ్రెయిరే అనే విద్యావేత్త కూలీలకు చదువు చెప్పింది వాళ్ల బతుకుల మీద చర్చ పెట్టే. మరుసటి ఏడు సైనిక పాలన వచ్చి ఆయన్ని జైల్లో పెట్టింది.

అక్షరాలు, గుణింతాలు వద్దనడం లేదు. అవి రావాల్సిందే. మార్కులు పెరుగుతాయనీ చెప్పను. ఇలాంటి తత్త్వచర్చల మీద ఇంగ్లండ్‌లో 2015 నాటి అధ్యయనంలో పిల్లల చదవడం కొంత మెరుగైంది, తర్వాత ఇంకా పెద్ద ఎత్తున చేస్తే ఆ తేడా కనబడలేదు. నేనడిగేది మార్కుల కోసం కాదు. అర్థం చేసుకోవడం పిల్లల హక్కు.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లు ఇక్కడున్నారు. మీ ప్రశ్న గిబ్బడి వాక్యానికి కూడా సరిపోతే కొట్టేయండి. టీచర్లూ, ఇలాంటి చర్చకు వారానికి ఒక్క పిరియడ్ ఇవ్వండి. పిల్లలడిగే మొదటి ప్రశ్నకు జవాబు మాత్రం మీరు చెప్పకండి.