ఫ్లోరైట్ చారల్లో రంగు ఎక్కడిది?

శ్రోతలకు నమస్కారం.

అలంకార శిలలు అమ్మే దుకాణాల్లో ఊదా, ఆకుపచ్చ, తెలుపు చారలు పక్కపక్కనే పరుచుకున్న నునుపైన రాళ్లను మీలో కొందరు చూసే ఉంటారు. చాలావరకు అవి ఫ్లోరైట్ రాళ్లు. ఎవరో రంగు వేశారేమోనన్న అనుమానం రావడం సహజమే గానీ, ఆ చారలు రాయి పుట్టినప్పుడే ఏర్పడ్డాయి. మెరుగుపెట్టే మనిషి వాటిని బయటికి కనిపించేలా చేస్తాడు, అంతే.

ఫ్లోరైట్ అంటే కాల్షియం, ఫ్లోరిన్ కలిసిన ఖనిజం. మలినాలూ లోపాలూ లేకుంటే దానికి రంగే ఉండదు. భూగర్భంలో ఫ్లోరిన్‌ను మోసుకొచ్చే వేడినీరు రాతి పగుళ్లలోకి చేరి, చల్లబడడం వల్లనో, సున్నపురాతితో చర్య జరపడం వల్లనో ఈ ఖనిజాన్ని పగుళ్ల గోడల మీద పొరలుగా పేరుస్తుంది. ఆ నీరు ఎల్లకాలం ఒకే తీరుగా రాదు. ఒక విడతలో యిట్రియం, సమేరియం వంటి అరుదైన లోహాలు కాస్త ఎక్కువగా ఉండవచ్చు, మరో విడతలో అవి దాదాపు లేకపోవచ్చు; వేడి మారుతుంది, స్ఫటికం పెరిగే వేగమూ మారుతుంది. ఆ తేడాలన్నీ పొరపొరలోనూ నమోదవుతాయి.

అయితే ఆ లోహాలు ఉన్నంత మాత్రాన రంగు పూర్తిగా తేలదు. చుట్టుపక్కల శిలల్లోని యురేనియం, థోరియం నుంచి వెలువడే వికిరణం లక్షల ఏళ్లపాటు తగిలినప్పుడు, స్ఫటికంలో కొన్ని ఫ్లోరిన్ అయాన్లు, అంటే విద్యుదావేశమున్న పరమాణువులు, తమ స్థానాలు వదిలిపోతాయి, ఆ ఖాళీల్లో ఎలక్ట్రాన్లు చిక్కుకుంటాయి. అలా చిక్కిన ఎలక్ట్రాన్లు వెలుగులో కొంత భాగాన్ని పీల్చుకోగా మిగిలినదే మనకు రంగుగా కనిపిస్తుంది. వికిరణం పొరలన్నిటికీ ఒకేలా తగిలినా, మలినాలూ లోపాలూ ఒక్కో పొరలో ఒక్కో రకంగా ఉండబట్టి ఒకటి ఊదాగా, పక్కది తెల్లగా తేలుతుంది. నాకు ఈ వివరణలో అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది ఇదే: పొర ఏర్పడిన కాలం వేరు, దానికి రంగు వచ్చిన కాలం వేరు.

వికిరణం మితిమీరితే ఏమవుతుందో జర్మనీలోని వోల్సెన్‌డోర్ఫ్ ఫ్లోరైట్ చూపిస్తుంది. దాదాపు నల్లగా ఉండే ఆ రాయిని పగలగొడితే ఘాటైన వాసన వస్తుంది. అందులో ఫ్లోరిన్ వాయువే బందీగా ఉందని 2012లో రుజువైంది.

చారల ఫ్లోరైట్‌లో పేరెన్నికగన్నది ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో, కాసిల్‌టన్ ఊరి దగ్గర సున్నపురాతి కొండల్లో దొరికే బ్లూ జాన్. ఊదా నీలం, లేత పసుపు చారలు దాని గుర్తు. 18వ శతాబ్దంలో బర్మింగ్‌హామ్ తయారీదారు మాథ్యూ బౌల్టన్ ఈ రాతితో చేసిన పాత్రలకు బంగారు పూత అమరికలు బిగించి అమ్మాడు. మరీ ముదురుగా ఉన్న ముక్కలను ఆనాటి పనివాళ్లు జాగ్రత్తగా వేడిచేసి రంగు తేలికపరిచేవారు. వేడికి ఎలక్ట్రాన్లు చిక్కు వదిలించుకుంటాయన్న సంగతి వారికి తెలియదు, ఫలితం మాత్రం తెలుసు.

చార ఆకారం కోత మీద ఆధారపడి ఉంటుంది. ఫ్లోరైట్ సాధారణంగా ఘనాకారంలో పెరుగుతుంది కనుక, గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన ఘనాల మూలల మీదుగా రంపం నడిస్తే ఎగుడుదిగుడు గీతలు వస్తాయి. పొరలకు సమాంతరంగా కోస్తే చారలే కనిపించక ఒకే రంగు పలక మిగలవచ్చు. పైగా ఇది మెత్తని రాయి, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో దీని కాఠిన్యం 4 మాత్రమే, నాలుగు దిశల్లో సులువుగా చీలుతుంది. అందుకే బ్లూ జాన్‌ను చెక్కే ముందు వేడిచేసి, పూర్వం పైన్ చెట్టు జిగురును, ఇప్పుడు ఎపాక్సీ అనే కృత్రిమ జిగురును పట్టించి గట్టిపరుస్తారు.

మీ ఇంట్లో అటువంటి రాయి ఉంటే కిటికీ ఎండలో ఉంచకండి. కొన్ని ఫ్లోరైట్ల రంగు వెలుతురుకే వెలిసిపోతుంది. కత్తులు, తాళం చెవుల పక్కన కూడా పెట్టకండి, ఉక్కు దాని మీద సులువుగా గీత పెడుతుంది.