చక్రాలు లేని విమానం

(దర్శి శాఖా గ్రంథాలయంలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. పిల్లలూ, ముందుకొచ్చి కూర్చోండి, నా గొంతు వెనకదాకా రాదు.

వారోత్సవాల్లో మాట్లాడమని లైబ్రేరియన్ గారు అడిగినప్పుడు, "పుస్తకాల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు దర్శిలో చాలామంది ఉన్నారండీ" అన్నాను. "మీరు ఢిల్లీలో చూసొచ్చిన యుద్ధ విమానాల సంగతి చెప్పండి, హైస్కూలు పిల్లలు వస్తున్నారు" అన్నారు. అందుకని ఒప్పుకున్నాను.

మాది దొనకొండ దగ్గర పల్లె. 1968లో పద్దెనిమిదేళ్ళ వయసులో వైమానిక దళంలో చేరి, పదిహేనేళ్ళు పనిచేసి సార్జంట్‌గా బయటికొచ్చాను. సెలవు మీద ఊరికి వచ్చిన ప్రతిసారీ అరుగు మీద పెద్దవాళ్ళు ఒకటే ప్రశ్న అడిగేవాళ్ళు, "అబ్బయ్యా, నువ్వు నడిపేది ఎంత ఇమానం?" అని. నేను విమానం నడపలేదు. నేను ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని. చక్రాలు, టైర్లు, బ్రేకులు, రెక్కల్లో కదిలే భాగాలు, వాటిని కదిలించే హైడ్రాలిక్ పైపులు, ఇవన్నీ మా పని. పైకి లేవాలంటే ఇంజన్ కావాలి, అది ఇంకొకరు చూసుకుంటారు. క్షేమంగా కిందికి దిగే సంగతి మా చేతుల్లో ఉండేది.

మా మనవరాలు గుర్‌గావ్‌లో ఉద్యోగం చేస్తోంది. ఈ ఫిబ్రవరిలో వాళ్ళింటికి వెళ్తే, "తాతయ్యా, నిన్ను నీ విమానాల దగ్గరికి తీసుకెళ్తా" అని పాలంలో వైమానిక దళ మ్యూజియానికి తీసుకెళ్ళింది. 1967 నుంచి ఉన్న మ్యూజియం అది. నేను సర్వీసులో ఉండగా ఒక్కసారి కూడా చూడలేదు. రోజూ విమానాల కింద పడుకునేవాడికి సెలవు రోజున విమానాలు చూడాలని ఎందుకు అనిపిస్తుంది?

లోపలికి వెళ్ళగానే వాపిటి కనిపిస్తుంది. గుడ్డ తొడిగిన రెండంతస్తుల రెక్కల విమానం. మన వైమానిక దళం 1932 అక్టోబరు 8న పుట్టింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న కరాచీలో మొట్టమొదట ఎగిరినవి ఇలాంటి వాపిటిలు నాలుగే. పక్కన హరికేన్, స్పిట్‌ఫైర్ ఉన్నాయి. వాటి గురించి పుస్తకాల్లో కావలసినంత ఉంది కాబట్టి నేను లిబరేటర్ గురించి చెబుతాను.

అది నాలుగు ఇంజన్ల బాంబర్. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటిషు వాళ్ళు లిబరేటర్లను కాన్పూరులో వదిలేశారు. వదిలేసే ముందు, మళ్ళీ ఎవరూ ఎగరెయ్యకుండా వాటిని పాడుచేశారు. బెంగుళూరులోని విమానాల కర్మాగారం హెచ్.ఏ.ఎల్. నుంచి మనవాళ్ళు వెళ్ళి, ఒకదాని భాగాలు ఇంకొకదానికి వేసి, కదిలే స్థితికి తెచ్చి, బెంగుళూరు దాకా ఎగిరించుకుని వచ్చారు. అట్లా దాదాపు నలభై విమానాలను బాగుచేశారు. నేను సర్వీసులో చేరిన 1968 ఆఖరు దాకా అవి సముద్రం మీద కాపలా తిరుగుతూనే ఉన్నాయి. ఆ విమానం ముందు నిలబడి నేను చెప్పులు విప్పాను. మనవరాలు ఆశ్చర్యంగా చూసింది. కాన్పూరు ఎండలో ఆ తుక్కు మధ్య స్పానర్లు పట్టుకున్న వాళ్ళ పేర్లు ఒక్కటీ నాకు తెలియదు. నేను మొక్కింది వాళ్ళకే.

అక్కడి నుంచి నాలుగు అడుగులు వేశాక మనవరాలు ఆగిపోయింది. "తాతయ్యా, దీనికి చక్రాలు లేవేంటి?" అంది.

చాలా చిన్న విమానం. ఇరవై అడుగుల పొడవు. పొట్టి చెక్క రెక్కలు. ఒక మనిషి ఇరుక్కుని కూర్చునేంత చోటు. జపాను వాళ్ళది, పేరు ఓకా. చెర్రీ పువ్వు అని అర్థం. ముక్కులో 1,200 కిలోల పేలుడు మందు పెడతారు. పెద్ద బాంబర్ దీన్ని పొట్ట కింద మోసుకెళ్ళి, శత్రువుల ఓడలు కనిపించే దూరంలో వదిలేస్తుంది. లోపలున్న కుర్రవాడు రాకెట్లు వెలిగించి దాన్ని నేరుగా ఓడకేసి నడపాలి. 1945లో, యుద్ధం చివర్లో, వాడారు. దానికి చక్రాలు ఎందుకు పెడతారు? అది దిగదు.

మనవరాలికి ఇదంతా చెప్పాను కానీ నా మనసు వేరే చోట ఉంది. దాన్ని కూడా ఎవరో నాలాంటి ఫిట్టరు సిద్ధం చేసి ఉంటాడు కదా. స్క్రూలు బిగించి ఉంటాడు, రెక్క కదులుతోందో లేదో చేత్తో ఊపి చూసి ఉంటాడు. ఆ కుర్రవాడి భుజం పట్టీలు కట్టి ఉంటాడు. ఆ తర్వాత రన్‌వే వైపు చూస్తూ ఎదురుచూడాల్సిన పని అతనికి లేదు. నేను పదిహేనేళ్ళు చేసిన పని అంతా ఆ ఎదురుచూపులోనే ఉంది. ఆ ఫిట్టరు రాత్రి ఎట్లా నిద్రపోయాడో ఊహించలేకపోయాను, ఇప్పటికీ ఊహించలేను.

జపాను వాళ్ళ పేరు వినగానే మా అవ్వ గుర్తొస్తుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ వార్తతో కోస్తా అంతా వణికిపోయింది. మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని రైళ్ళెక్కి నెల్లూరు వైపు, ఇంకా లోపలి ఊళ్ళ వైపు వచ్చేశారు. మా అవ్వ చెల్లెలి కుటుంబం కూడా అట్లా వచ్చి మా పాకలో ఏడెనిమిది నెలలు ఉన్నారట. "జపానోడు ఎట్టుంటాడో మేం చూడలా, వాడి దెబ్బకు మా గాదె మాత్రం ఖాళీ అయింది" అనేది అవ్వ.

ఇక అసలు నేను చూడాలనుకున్నది నాట్ అనే యుద్ధ విమానం. అదీ చిన్నదే. రెక్క చివర నుంచి చివరకు 22 అడుగులు. మూడేళ్ళు దాని కిందే బతికాను. దాని చక్రాల్లో ఒక విశేషం ఉంది. గాలిలో వేగం తగ్గించడానికి వేరే బ్రేకు పలకలు ఉండవు. చక్రాలను, వాటి తలుపులను సగం కిందికి దించితే అవే గాలికి అడ్డం పడి విమానాన్ని నెమ్మదింపజేస్తాయి. అందుకని మిగతా విమానాల కంటే నాట్ చక్రాలకు పని ఎక్కువ, మాకూ పని ఎక్కువే.

తాడు కట్టి ఉంది, దాటకూడదు. తాడు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని టైరు చూశాను. విమానం టైరు మీదా, దాని రిమ్ము మీదా కలిపి ఒకే తెల్లగీత వేస్తారు. దిగినప్పుడు, బ్రేకు వేసినప్పుడు టైరు రిమ్ము మీద జరిగితే, ఆ గీత రెండు ముక్కలవుతుంది. పొద్దున్నే టార్చి వేసి మేం మొట్టమొదట చూసేది అదే. మ్యూజియం వాళ్ళు కొత్త రంగులు వేశారు కానీ, రిమ్ము అంచున పాత తెల్లగీత సన్నగా మిగిలి ఉంది. రబ్బరు పగుళ్ళిచ్చింది. టైరు మీది గీత, రిమ్ము మీది గీత ఇంకా ఒకే వరసలో ఉన్నాయి. ఎవరు వేశారో ఆ గీత. నేనైతే కాదు.

లోపల గ్యాలరీలో ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ గారి స్మృతి ఉంది. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ రన్‌వే మీద బాంబులు పడుతుండగానే నాట్‌లో పైకి లేచి, ఆరు పాకిస్తాను సేబర్ విమానాలతో పోరాడి అమరుడైన వీరుడు. వైమానిక దళంలో పరమవీర చక్ర పొందినది ఆయనొక్కరే. పిల్లలూ, ఆ పేరు రాసుకోండి.

ఆ గ్యాలరీల్లో పతకాలు, ఫోటోలు, యూనిఫారాలు చూశాను. ఒక పుస్తకం కోసం వెతికాను, కనిపించలేదు. ఫారం 700 అంటారు దాన్ని. ప్రతి విమానానికీ ఒకటి ఉంటుంది. ఎగరబోయే ముందు ఇంజన్ చూసినవాడు, ఎయిర్‌ఫ్రేమ్ చూసినవాడు, తుపాకులు చూసినవాడు, కరెంటు పని చూసినవాడు తలా ఒక గడిలో సంతకం పెడతారు. అందరివీ అయ్యాక పైలట్ సంతకం పెట్టి విమానాన్ని తీసుకుంటాడు. ఎస్సెస్సెల్సీ సర్టిఫికెట్ మీద తప్ప ఎక్కడా సంతకం పెట్టని పల్లెటూరి కుర్రాణ్ణి నేను. నా సంతకం మీద నమ్మకంతో ఒక మనిషి గాలిలోకి వెళ్తాడని తెలిసిన మొదటి రోజు నా చెయ్యి వణికింది.

1971 డిసెంబరులో నేను పడమటి సరిహద్దుకు దగ్గరగా ఒక స్థావరంలో ఉన్నాను. తెల్లవారుజామున స్పానరు ముట్టుకుంటే వేళ్ళు కొరికేసేంత చలి. గ్లవుజులు వేసుకుంటే చిన్న నట్లు చేతికి దొరకవు, అందుకని వట్టి చేతులతోనే చేసేవాళ్ళం. మా విమానం తీసుకునే పైలట్లలో ఒకాయన సంతకానికి ఎప్పుడూ నా పెన్నే అడిగేవారు. పెట్టాక నా చేతికివ్వకుండా ఆయనే నా జేబులో పెట్టి, జేబు మీద ఒకసారి తట్టేవారు. ఆయన పేరు నేను చెప్పను.

ఒకరోజు నాలుగు విమానాలు వెళ్ళాయి. తిరిగొచ్చేటప్పుడు మేం ముందు చెవులతో లెక్కపెడతాం. ఒకటి, రెండు, మూడు. మూడోది దిగి ఇంజన్ ఆపాక కూడా అందరం ఆకాశం వైపే వింటూ నిలబడ్డాం. కాసేపటికి ఒక ఆఫీసరు వచ్చి నాలుగో విమానం ఫారం 700 తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశారు. అది పద్ధతి. రాని విమానం కాగితాలు ముందు స్వాధీనం చేసుకుంటారు, తర్వాత ఎవరూ దిద్దకుండా. ఆ ఉదయం గడిలో నా సంతకం ఉంది.

రెండు రాత్రులు నిద్ర లేదు. ఎడమ చక్రం దగ్గర ఒక హైడ్రాలిక్ పైపు నట్టు ఉంది. దానికి, వదులు కాకుండా పట్టి ఉంచే లాకింగ్ వైరు చుట్టానా? చుట్టాను. చుట్టినట్టు గుర్తుందా, రోజూ చుడతాను కాబట్టి గుర్తున్నట్టు అనిపిస్తోందా? ఆ టెన్షన్ ఎట్లా చెప్పాలో ఇప్పటికీ నాకు మాటలు రావు. మూడో రోజు తెలిసింది, శత్రువుల గుళ్ళు తగిలి కూలిపోయిందని. ఆ మాట విన్న క్షణం నా గుండె తేలికపడింది. నా జేబు తట్టిన మనిషి ఇక రాడని ఖాయమైతే, నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ సంగతి మా ఆవిడకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. మొన్న పాలంలో, ఆ టైరు ముందు కూర్చుని, మనవరాలికి చెప్పాను.

"ఆయన వయసెంత తాతయ్యా?" అంది. ఇరవై ఆరో, ఇరవై ఏడో అన్నాను. "నా ఈడు" అంది. ఇద్దరం అక్కడే కాసేపు కూర్చున్నాం. కాపలా అతను చూశాడు కానీ లేవమనలేదు.

ఇంటికొచ్చాక ఢిల్లీ కంటే దొనకొండ ఎక్కువ గుర్తుకొస్తోంది. మీలో చాలామందికి తెలుసు, అక్కడ యుద్ధ కాలంలో బ్రిటిషు వాళ్ళు వేసిన ఏరోడ్రమ్ము ఉంది. విమానాలు దిగి ఇంధనం నింపుకుని వెళ్ళడానికి వేశారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, ఈ దర్శి తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. గుంటూరు, గుంతకల్లు మీటరు గేజి లైను దొనకొండ మీదుగా పోయేది, అక్కడ ఇంజన్ల షెడ్డు కూడా ఉండేది.

ఆ రన్‌వేకి కంకర తోలిన బండ్లలో మా తాత బండి ఒకటి. మా నాయనకు అప్పుడు పదిహేనేళ్ళు, బండి వెనక నడిచేవాడు. అవ్వ తట్ట మోసింది. నాయన చెప్పిన ఒక సంగతి నేను ఫిట్టర్ అయ్యేదాకా నాకు అర్థం కాలేదు. "ఇమానం ఆగంగానే ఒక తెల్లోడు పరిగెత్తి పోయి, కూలబడి, చక్రం తడిమి చూసేవాడు రా. దూరం నడిచొచ్చిన ఎద్దు గిట్ట మనం చూడమా, అట్టా" అనేవాడు. ఎవరో, ఎక్కడివాడో. వాడు నా మనిషి.

చిన్నప్పుడు మేం ఆ రన్‌వే మీద గొడ్లు మేపాం. వర్షం పడ్డాక దాని మీద నీళ్ళు నిలవవు, అంత వాటంగా వేశారు. ఇప్పుడు అంచుల్లో చిల్లకంప పెరిగింది. 2022 డిసెంబరు 29న కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద యుద్ధ విమానాలు కిందికి వచ్చి వెళ్ళినప్పుడు వేలమంది పరిగెత్తి చూశారు. నేనూ వెళ్ళాను. మంచిదే. ఎనభై ఏళ్ళ కిందట మన చేతులతో వేసిన రన్‌వే దగ్గర మాత్రం ఎవరు వేశారో చెప్పే ఒక్క రాయి కూడా నా కంటపడలేదు. ఇది నాకు చాలా బాధగా ఉంది. తట్ట మోసినవాళ్ళు దాదాపు అందరూ వెళ్ళిపోయారు. వాళ్ళ నోటి వెంట విన్నవాళ్ళం కొంతమందిమి మిగిలాం, మేమూ డెబ్బై దాటినవాళ్ళమే.

అందుకని ఒక పెద్ద నోటు పుస్తకం కొని లైబ్రేరియన్ గారికి ఇచ్చాను. కౌంటరు దగ్గర ఉంటుంది. దొనకొండ ఏరోడ్రమ్ము గురించి మీ ఇళ్ళల్లో ఎవరు ఏం చెప్పినా, ఒక్క మాటైనా సరే, చెప్పినవాళ్ళ పేరుతో సహా అందులో రాయండి. కింద సంతకం పెట్టండి. పాత ఫోటో ఉంటే తీసుకురండి, ఇక్కడే కాపీ తీసుకుని తిరిగి ఇచ్చేస్తాం. రాయలేని పెద్దవాళ్ళుంటే నాకు కబురు చెయ్యండి, నేనే మీ ఇంటికి వచ్చి కూర్చుని రాసుకుంటాను. పొద్దున ఆరు నుంచి ఎప్పుడైనా సరే.

నమస్కారం.