ఫోన్ మోగితే గుండె దడా? ఈ వీడియో పూర్తిగా చూడండి

[స్క్రీన్ మీద ఫోన్ మోగుతూ ఉంటుంది. ఎవరూ ఎత్తరు. కాసేపటికి ఆగిపోతుంది.]

ఆ రింగు ఆగగానే మీకూ హమ్మయ్య అనిపించిందా? అయితే మనం మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఈ భయం పెరిగేది రింగు మోగినప్పుడు కంటే అది ఆగిపోయి ప్రాణం తేలికపడినప్పుడే.

ముందుగా ఒక మాట. ఫోన్ చేయాలంటే టెన్షన్ పడేవాళ్లను చాలామంది బద్ధకస్తులనో పొగరుబోతులనో అనేస్తారు, అది చాలా అన్యాయం. ఎదురుగా కూర్చుంటే గలగలా మాట్లాడే మనిషి కూడా నంబర్ తీసి, ఆకుపచ్చ బటన్ మీద వేలు పెట్టి, నొక్కకుండానే ఫోన్ పక్కన పడేసి, ఇంకో గంటాగి చేద్దాంలే అనుకుని, ఆ గంటంతా దాని గురించే ఆలోచిస్తూ కూర్చోవడం నిజంగా జరిగేదే.

ఎందుకిలా? 2009లో పది భాషలు మాట్లాడేవాళ్ల సంభాషణలను పరిశోధకులు కొలిచి చూశారు. ఒకరు మాట ఆపాక రెండోవాళ్లు అందుకోవడానికి మధ్య పట్టే సమయం సగటున 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. ఎదురుగా ఉన్నప్పుడు అవతలివాళ్ల కళ్లు, తలాడింపు, చిన్న నవ్వు చూస్తూ మాట్లాడతాం కాబట్టి ఇదేమంత కష్టంగా ఉండదు. ఫోన్లో అవేవీ ఉండవు. పైగా మాట నెట్‌వర్క్ దాటి రావడానికి కాస్త ఆలస్యం కావచ్చు, ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు చూడండి, అక్కడే చాలామందికి నోరు పెగలదు. ఇందులో మీ తప్పేం లేదు. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో కావాలనే లైన్లో ఆలస్యం పెట్టి మాట్లాడిస్తే, జనం అవతలి మనిషే సరిగా వినడం లేదని అనుకున్నారు! లైన్ లోపాన్ని మనిషి మీద వేస్తాం మనం. భయం ఉన్నవాళ్లయితే దాన్ని తమ మీదే వేసుకుంటారు.

[స్క్రీన్ మీద: 300 – 3,400 హెర్ట్జ్]

హెర్ట్జ్ అంటే ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత. మామూలు టెలిఫోన్ లైను మోసేది ఇంత మేర ధ్వనినే. "స", "ఫ" లాంటి శబ్దాల్లో చాలా భాగం దీనికి పైనే ఉంటుంది, అందుకే ఫోన్లో పేర్లు సరిగా అర్థం కావు. ఇప్పటి కాల్స్ కొన్ని ఇంతకంటే స్పష్టంగా వినిపిస్తాయనుకోండి. అయినా "సరిగా వినపడలేదండీ, ఇంకోసారి చెప్తారా" అని అడగడానికి అస్సలు మొహమాటపడొద్దు.

ఇప్పుడు ఆ హమ్మయ్య దగ్గరికి వద్దాం. కాల్ తప్పించుకున్న ప్రతిసారీ మెదడు నేర్చుకునేది ఒకటే: ఎత్తలేదు కాబట్టి బతికిపోయాం అని. నిజంగా ప్రమాదం ఉందో లేదో తేల్చుకునే అవకాశమే దానికి దొరకదు. దాంతో తర్వాతి కాల్ ఇంకాస్త పెద్దదిగా కనిపిస్తుంది.

మరి మనం ఊహించుకునేదంతా జరుగుతుందా? 2021లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు కొంతమందిని పాత పరిచయస్తులతో మళ్లీ మాట కలపమన్నారు, కొందరిని ఫోన్లో, కొందరిని ఈమెయిల్లో. ఫోన్ అయితే ఇబ్బందిగా ఉంటుందని జనం ముందే అనుకున్నారు. తీరా మాట్లాడాక ఈమెయిల్ కంటే ఎక్కువ ఇబ్బందేమీ లేదు, దగ్గరితనం మాత్రం ఎక్కువ అనిపించింది.

సరే, ఏం చేయాలి?

చాలామంది కాల్ మొత్తం కాగితం మీద రాసుకుంటారు. నేను వద్దంటాను, ఎందుకంటే అవతలివాళ్లు రాసుకోనిది ఒక్కటి అడిగారంటే చాలు, చేతిలో కాగితం ఉన్నా మాట ఆగిపోతుంది. ఫోన్ సంభాషణలు ఎలా మొదలవుతాయో ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1968లోనే రాశాడు. రింగు, జవాబు, ఎవరో చెప్పుకోవడం, పలకరింపు, తర్వాత విషయం: చాలా కాల్స్ ఈ దారిలోనే మొదలవుతాయి. అంటే మనం ఎక్కువ భయపడే ఆ మొదటి కొన్ని సెకన్లే ముందుగా సిద్ధం చేసుకోవడానికి అన్నిటికంటే వీలైనవి. కాబట్టి ఆ ముక్క ఒక్కటే రాసుకోండి.

[కాగితం దగ్గరగా. చేతిరాత.]

"నమస్తే అండీ. మొన్న రిపేరుకిచ్చిన లాప్‌టాప్ గురించి చేస్తున్నాను. ఒక రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?" దాని కింద మీరు తెలుసుకోవాల్సినవి రెండే రెండు: ఎప్పటికి అవుతుంది, ఎంత అవుతుంది. ఆ కింద ఖాళీ, వాళ్లు చెప్పింది రాసుకోవడానికి. ఈ ఖాళీ చాలా ముఖ్యం. భయపడుతున్నప్పుడు మన ధ్యాసంతా మన మీదే ఉంటుంది, గొంతు వణుకుతోందా, తప్పుగా అన్నానా అని. వాళ్ల మాట రాసుకుంటుంటే ధ్యాస అటు మళ్లుతుంది. మధ్యలో బుర్ర ఖాళీ అయిపోతే "ఒక్క నిమిషమండీ, రాసుకుంటున్నాను" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. అడిగినదానికి జవాబు తెలియకపోతే "కనుక్కుని మళ్లీ చేస్తాను" అనేది పూర్తిగా మర్యాదైన జవాబే.

చేసే ముందు, ఏం జరుగుతుందని భయమో ఒక్క లైను రాయండి. "విసుక్కుంటారు" అనో, "నవ్వుతారు" అనో. కాల్ అయ్యాక నిజంగా ఏం జరిగిందో దాని పక్కనే రాయండి. కౌన్సెలింగ్‌లో కూడా దాదాపు ఇదే చేయిస్తారు. తేలిక కాల్స్‌తో మొదలుపెట్టండి: రికార్డెడ్ వాయిస్ వచ్చే నంబర్, తర్వాత ఎన్నింటికి తెరుస్తారో కనుక్కునే కాల్, ఆ తర్వాత మీకు నిజంగా కష్టమైనది. ఒకసారి చేసి వదిలేస్తే లాభం లేదు, చిన్న కాల్స్ తరచుగా చేస్తుండాలి.

ఇక వచ్చే కాల్స్. ప్రతిదీ ఎత్తాలన్న రూలేం లేదు, తెలియని నంబర్ల మోసాలు ఎక్కువైన ఈ రోజుల్లో మరీను. కానీ తెలిసినవాళ్ల కాల్ భయంతో వదిలేస్తే వెంటనే ఒక మెసేజ్ పెట్టండి: "ఇప్పుడు వీలు కాదు, ఆరింటికి చేస్తాను." ఆరింటికి చేయండి. మూడు రోజులు ఆగితే ఎందుకు ఎత్తలేదో చెప్పుకోవాల్సిన బరువు కూడా తోడవుతుంది.

వీళ్ల పక్కన ఉండేవాళ్లకు కూడా ఒక మాట. "ఇందులో భయమేంటి" అని ఫోన్ లాక్కుని మీరే మాట్లాడేయకండి. పక్కన కూర్చోండి, చాలు. "అర్జెంటుగా మాట్లాడాలి" అని మెసేజ్ పెట్టి వదిలేయకండి, విషయమేంటో ఒక ముక్క చెప్పండి, అవతలి మనిషి ఆ మధ్యలో పడే నరకం మీకు తెలియదు.

ఈ భయం వల్ల డాక్టర్ దగ్గరికి వెళ్లడమో, ఉద్యోగం ఇంటర్వ్యూలకు వెళ్లడమో మానుకోవాల్సి వస్తోందంటే ఒక్కరే పోరాడకండి. ఇది సోషల్ యాంగ్జైటీలో, అంటే నలుగురూ ఏమనుకుంటారో అన్న తీవ్రమైన భయంలో, భాగం కావచ్చు. 1980 నుంచి మానసిక వైద్యుల పుస్తకాల్లో సోషల్ యాంగ్జైటీకంటూ ఒక చోటుంది, దానికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే భయపెట్టే ఆలోచనలను, అలవాట్లను మెల్లగా మార్చుకునే కౌన్సెలింగ్, బాగా పనిచేస్తుంది. నత్తి ఉండి ఫోన్ అంటే భయమైతే స్పీచ్ థెరపిస్టును కలవండి. అపాయింట్‌మెంట్‌కే ఫోన్ చేయలేకపోతే ఆన్‌లైన్లోనో మెసేజ్‌తోనో బుక్ చేసుకోండి, లేదా మీ తరఫున ఎవరినైనా చేయమనండి, ఈ ఒక్క కాల్‌కు అందులో తప్పేం లేదు. అక్కడికెళ్లాక నోటితో చెప్పలేకపోతే రాసుకెళ్లిన కాగితం వాళ్ల చేతికివ్వండి.