రాగి రేకు మీద గులాబీ

తమ్ముడు: అక్కా, ఇవాళ చిత్రకారుడు సాల్వడార్ డాలీ అన్నావు. కరిగి జారిపోయే గడియారాల గురించేనా?

అక్క: కాదురా, అవి 1931 నాటివి. ఇవి 1968లోవి, అప్పటికి ఆయనకి అరవై నాలుగేళ్లు. పియేర్ ఆర్జిలే అనే పబ్లిషర్ కోసం రోన్సార్ ప్రేమ కవితలకి వేసిన బొమ్మలు.

తమ్ముడు: రోన్సార్ అంటే?

అక్క: పదహారో శతాబ్దపు ఫ్రెంచి కవి. 1545 ఏప్రిల్‌లో, బ్లువా కోటలో ఒక నాట్యానికి వెళ్లి కసాండ్ర్ సాల్వియాతిని చూశాడు. ఫ్లారెన్స్ నుంచి వచ్చిన బ్యాంకరు కూతురు. ఈయనకి ఇరవై ఏళ్లు.

తమ్ముడు: మరి పెళ్లి?

అక్క: ఎక్కడి పెళ్లి! అంతకు రెండేళ్ల ముందే చర్చి ఆదాయం కోసం నడినెత్తి గొరిగించుకుని మతాధికారుల్లో చేరాడు, వాళ్లకి పెళ్లి కుదరదు. ఆ నాట్యం జరిగిన మరుసటి ఏడాదే ఆ పిల్లని వేరొకరికి ఇచ్చి చేసేశారు. ఈయన 1552లో ఆమె మీద సానెట్ల, అంటే పద్నాలుగు పాదాల కవితల, పుస్తకం అచ్చు వేయించాడు, ఇటలీ కవి పెట్రార్కా తను ప్రేమించిన లారా మీద రాసినట్టు.

తమ్ముడు: పాపం.

అక్క: పాపమేం లేదు, తెలివైనవాడు. 1553లో ఇంకో కవిత వచ్చింది. పొద్దున ఎండకి ఎర్ర పావడా విప్పార్చిన గులాబీ సాయంత్రానికి ఎలా ఉందో చూసొద్దాం పద, అంటాడు. వెళ్లి చూస్తే రేకులన్నీ నేలమీద!

తమ్ముడు: వయసైపోతోంది, త్వరపడు అని బెదిరింపా?

అక్క: పచ్చి బెదిరింపే. డాలీ ఆ కవితలకి డ్రైపాయింట్ అనే పద్ధతి ఎంచుకున్నాడు, రాగి రేకు మీద బొమ్మ గీసి కాగితం మీద అచ్చు తీయడం. అందులో యాసిడ్ పనిలేదు, సూదితో రాగి రేకు మీద నేరుగా గీకడమే. నాగలి పోయిన చోట పక్కన మట్టి లేచినట్టు, గీత పక్కన రాగి లేస్తుంది. దానికి సిరా పట్టి, అచ్చులో గీత అంచు మఖమల్‌లా కనిపిస్తుంది. కానీ ప్రెస్సు కింద నలిగినకొద్దీ ఆ అంచు అణిగిపోతుంది. మొదటి కాపీల కళ తర్వాతవాటికి రాదు.

తమ్ముడు: గులాబీకి సరిపోయింది!

అక్క: నేను చెప్పాలనుకున్నది నువ్వే అనేశావు. ఆ అంచు అణగకుండా చాలామంది రాగి రేకుకి ఉక్కు పూత పూయిస్తారు, ఎక్కువ కాపీలు దిగాలని.

తమ్ముడు: డాలీ ఇంకా బొమ్మ అచ్చవ్వని ఖాళీ కాగితాల మీద కూడా సంతకాలు పెట్టాడంటారుగా?

అక్క: ఆ గొడవ వల్ల ఆయన చివరికాలపు ప్రింట్లంటే కొనేవాళ్లకి టెన్షనే. ఆయన పేరులో అక్షరాలు తారుమారు చేసి ‘అవీదా డాలర్స్’, అంటే డాలర్ల ఆశపోతు, అని సర్రియలిస్టు కవి ఆంద్రే బ్రెటన్ ఊరికే అనలేదు. అయినా నాకు ఈ బొమ్మలిష్టం. సన్నటి గీతలు, చుట్టూ బోలెడు తెల్లకాగితం.

తమ్ముడు: కొనేటప్పుడు ఏం చూడాలి మరి?

అక్క: కొనే మొహాలేనా మనవి? మ్యూజియంలో కనబడితే ఓ పక్కకి వంగి చూడు. రాగి రేకు నొక్కుకున్న చోట కాగితం పల్లమై ఉంటుంది.