సంచలన కేసులు: తీర్పు కంటే ముందు జరిగేది

అందరికీ నమస్కారం. మీలో లా చదువుతున్నవాళ్ళు ఉన్నారు, ఊరికే ఆసక్తితో వచ్చినవాళ్ళూ ఉన్నారు, అందుకని సెక్షన్ల జోలికి తక్కువ వెళ్తాను. నేను చాలాకాలం కోర్టు వార్తలు రాసిన విలేకరిని. పెద్ద కేసు తీర్పు రోజున కోర్టు బయట కెమెరాలు ఎట్లా నిండిపోతాయో చూశాను, అదే కేసులో సాక్షి బోనెక్కిన రోజున హాల్లో ఆరుగురు కూడా లేకపోవడం కూడా చూశాను.

మనం కేసు గురించి మాట్లాడేదంతా శిక్ష గురించే. ఉరి వేస్తారా, యావజ్జీవమా, వదిలేస్తారా. కానీ మన తెలుగు నేల మీద పేరుమోసిన కేసుల్లో చాలావాటి తలరాత జడ్జి దగ్గరికి రాకముందే, నేరం జరిగిన మొదటి వారం పది రోజుల్లోనే తేలిపోయింది. ఆ రోజుల్లో ఎవరు ఏం చేశారు, ఏం చేయలేదు అన్నదే ఈ సాయంత్రం చెప్పాలనుకుంటున్నాను.

మన విశాఖ దగ్గరిదే తీసుకుందాం. వాకపల్లి. జి.మాడుగుల మండలంలో ఉంది, అప్పట్లో విశాఖ జిల్లా, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. 2007 ఆగస్టు 20న మావోయిస్టుల కోసం కూంబింగ్‌కి, అంటే అడవి గాలింపుకి, వచ్చిన గ్రేహౌండ్స్ ప్రత్యేక దళం పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని ఆ ఊరి కోందు ఆదివాసీ మహిళలు 11 మంది ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు పోలీసుల మీద. దర్యాప్తు చేయాల్సిందీ పోలీసులే. అక్కడే సగం కథ అర్థమవుతుంది.

ఆ ఆడవాళ్ళకు వచ్చినవాళ్ళ పేర్లు తెలీదు, ఊర్లు తెలీదు. ముఖాలు చూశారు, అంతే. అలాంటి కేసులో మొట్టమొదట చేయాల్సిన పని గుర్తింపు పరేడ్. అనుమానం ఉన్నవాళ్ళను ఇంకొంతమందితో కలిపి వరుసలో నిలబెట్టి, మేజిస్ట్రేటు ముందు, వీళ్ళలో ఎవరమ్మా అని అడగాలి. జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే అడగాలి, ఎందుకంటే పదేళ్ళు పోయాక కోర్టు హాల్లో బోనులో నిలబడిన మనిషిని చూపించి ఇతనే అంటే, డిఫెన్స్ లాయరు ఒక్క ప్రశ్నతో దాన్ని కొట్టిపారేస్తాడు. వాకపల్లిలో ఆ పరేడ్ జరగలేదు.

తర్వాత ఏమైందో తేదీలు చూడండి. 2012లో హైకోర్టు 13 మంది మీద విచారణ జరగాలంది. వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2017లో సుప్రీంకోర్టు కూడా జరగాల్సిందే అంది, ఆరు నెలల్లో పూర్తిచేయమంది. 2018లో గాని మన విశాఖలోని ఎస్సీ ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టులో విచారణ మొదలవలేదు. 2023 ఏప్రిల్ 6న తీర్పు వచ్చింది. 13 మందీ నిర్దోషులు. అదే తీర్పులో కోర్టు ఇంకో మాట కూడా చెప్పింది: దర్యాప్తు అధికారులు సరిగ్గా దర్యాప్తు చేయలేదని, ఆ మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని.

ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ముద్దాయిల మీద నేరం రుజువు కాలేదు, కానీ బాధితులకు పరిహారం ఇవ్వాలి. అంటే ఆడవాళ్ళు అబద్ధం చెప్పారని కోర్టు అనలేదు. చేయాల్సినవాళ్ళు పని చేయలేదు అంది. దాదాపు 16 ఏళ్ళ పాటు కొండ దిగి వచ్చి, తమది కాని భాషలో అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పిన ఆ తల్లులకు ఆ మాట దక్కింది. నాకు ఆ రోజు ఎంత కోపం వచ్చిందో ఇప్పటికీ మాటల్లో పెట్టలేను.

అప్పటి గుంటూరు జిల్లా చుండూరు కూడా ఇలాంటిదే. 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. బాధితులు పోరాడి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. సాక్షులు ఊరు దాటి వెళ్ళి భయపడుతూ చెప్పాల్సిన అవసరం లేకుండా కోర్టే ఊళ్ళోకి వచ్చింది, అది చాలా గొప్ప విషయం. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎప్పుడు చనిపోయారు, ఎక్కడ చనిపోయారు, ఎవరు కొట్టారు అన్నది ప్రాసిక్యూషన్ కచ్చితంగా చూపించలేకపోయిందని. తీర్పు తప్పా ఒప్పా అని న్యాయవాదులు వాదించుకుంటూనే ఉన్నారు, నాకైతే అది దారుణంగానే అనిపించింది. కానీ ఆ మూడు ప్రశ్నలూ చూడండి, మూడూ శవ పంచనామా, పోస్ట్‌మార్టం, మొదటి వాంగ్మూలాల దగ్గర తేలాల్సినవే.

ఇప్పుడు దీనికి పూర్తిగా రెండో వైపు ఉన్న కేసు చెప్తాను. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉండి బీఫార్మసీ చదువుతున్న అమ్మాయిని చంపేశారు. మీలో చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు గానీ అప్పట్లో రాష్ట్రమంతా అట్టుడికింది. రోజూ పేపర్లలో అదే, టీవీల్లో అదే, ఇంకా పట్టుకోలేదేం అని అందరూ పోలీసుల్ని నిలదీశారు. నేనూ అలాంటి వార్తలు రాసే వృత్తిలోనే ఉన్నాను కాబట్టి ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో తెలుసు. 2008 ఆగస్టులో నందిగామ వైపు ఒక పేద కుటుంబం కుర్రాడిని అరెస్టు చేసి, ఇతనే అన్నారు. అతను కాదని ఎవరన్నారో తెలుసా? చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులు. మొదటి నుంచీ అన్నారు. కూతుర్ని పోగొట్టుకున్నవాళ్ళు, ఎవరికో ఒకరికి శిక్ష పడితే చాలు అనుకోకుండా, వీడు కాదు, అసలువాళ్ళను పట్టుకోండి అని వీధుల్లో నిలబడి అడిగారు. నేను చూసిన ధైర్యాల్లో ఆ తల్లి ధైర్యం చాలా పెద్దది.

2010లో విజయవాడ మహిళా కోర్టు ఆ కుర్రాడికి యావజ్జీవం వేసింది. జైల్లో నరాల జబ్బు వచ్చి కాళ్ళు పడిపోయాయి. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని చెప్పింది, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోమంది. ఎనిమిదేళ్ళకు పైగా జైలు, లక్ష రూపాయలు. లెక్క మీరే వేసుకోండి.

అంతటితో అయిపోలేదు. 2018లో కేసు సీబీఐకి వెళ్ళింది. వెళ్ళాక చూస్తే కోర్టులో భద్రంగా ఉండాల్సిన వస్తుసాక్ష్యాలు ధ్వంసమైపోయాయి. 2019 డిసెంబరులో తెనాలి శ్మశానంలో ఆ అమ్మాయి సమాధి తవ్వి, పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ పోస్ట్‌మార్టం చేశారు. హత్య జరిగిన వారంలో ఆ గదిలో, ఆ దుస్తుల మీద, ఆ గోళ్ళ కింద వెతకాల్సింది, పన్నెండేళ్ళ తర్వాత ఎముకల్లో వెతుక్కున్నారు.

అందుకే పేపర్లో 'నేరం ఒప్పుకున్న నిందితుడు' అని హెడ్డింగ్ కనబడితే నాకు టెన్షన్ వస్తుంది. ముసుగేసి ప్రెస్‌మీట్‌లో నిలబెడతారు, ఒప్పుకున్నాడు అంటారు, మనం హమ్మయ్య అనుకుంటాం. 1872 సాక్ష్య చట్టం నుంచి ఇప్పటి కొత్త చట్టం దాకా ఒక మాట మారలేదు, పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. బ్రిటిష్‌వాడికి కూడా తెలుసు, స్టేషన్లో మనిషి చేత ఏదైనా ఒప్పించవచ్చని. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ బయటపడినంత మేరకే లెక్క. అది కూడా పంచనామా సరిగ్గా రాసి, సాక్షులుగా పిలిచిన మధ్యవర్తులు నిజంగా అక్కడ ఉండి సంతకం పెట్టి ఉంటేనే. మధ్యవర్తి అని చెప్పి స్టేషన్లోనే కూర్చోబెట్టి సంతకాలు పెట్టించిన వీఆర్వోని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ స్థలం ఎటు వైపు ఉందని అడిగితే నీళ్ళు నమలడం నేను కోర్టు హాల్లో కూర్చుని చూశాను.

2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం మీ అందరికీ గుర్తుంది. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లారు జనం. ఆ బాధ నాకు అర్థమవుతుంది, ఆడపిల్లలున్న ఏ ఇంట్లోనైనా అర్థమవుతుంది. కానీ సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఏం చెప్పిందో కూడా వినాలి. పోలీసులు చంపాలనే కాల్చారని, 10 మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లు అయి ఉండవచ్చని చెప్పింది. వాళ్ళే చేశారా, నలుగురూ చేశారా అన్నది ఏ కోర్టులోనూ పరీక్షకు రాలేదు, ఇక రాదు. ఇబ్రహీంపట్నం కేసులో ఆ కుర్రాడిని కూడా అలాగే కాల్చేసి ఉంటే మనం పూలు చల్లి ఉండేవాళ్ళం. ఒకసారి ఊహించుకోండి.

ఆ నెలలోనే మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది, వారంలో దర్యాప్తు, 14 రోజుల్లో విచారణ అని. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. మంచి ఉద్దేశమే, కానీ ఫోరెన్సిక్ ల్యాబులో మనుషులు, మిషన్లు పెంచకుండా గడువు తగ్గిస్తే ఆ తొందరలో ఎవడో ఒకడు దొరుకుతాడు.

వేగంగా జరగదని కాదు. 2020 మేలో వరంగల్ దగ్గర గొర్రెకుంటలో ఒక బావిలో 9 మంది శవాలు తేలాయి, వలస కూలీలు, లాక్‌డౌన్ రోజులు. అంతా ఆత్మహత్య అనుకున్నారు మొదట. భోజనంలో నిద్రమాత్రలు కలిపారని తేలింది, సీసీ కెమెరాల్లో ముద్దాయి రాకపోకలు దొరికాయి, అక్టోబరు 28 నాటికే కోర్టు ఉరిశిక్ష వేస్తూ తీర్పు చెప్పేసింది. అయిదు నెలలు. ఉరిశిక్ష మీద నాకు వేరే అభిప్రాయం ఉంది, అది ఇంకోరోజు మాట్లాడదాం, ఇక్కడ చెప్పేది దర్యాప్తు గురించి.

మన ఊళ్ళో జరిగిన ఇంకొకటి చెప్పకపోతే అన్యాయం. కోడికత్తి కేసు. 2018 అక్టోబరు 25న విశాఖ ఎయిర్‌పోర్టులో, అప్పటి ప్రతిపక్ష నాయకుడు జగన్ గారి మీద దాడి. చేతికి గాయమైంది. అక్కడి క్యాంటీన్లో పనిచేసే కుర్రాడు అక్కడికక్కడే దొరికిపోయాడు, జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ వచ్చింది, 2019 జనవరికల్లా ఛార్జిషీటు కూడా వేసింది. దొంగ ఎవరో తెలియని కేసు కాదిది. అయినా విచారణ పూర్తికాక, దెబ్బ తిన్న ఆయన సాక్ష్యం కోర్టులో నమోదు కాక, ఆ కుర్రాడు అయిదేళ్ళు దాటి జైల్లో ఉన్నాడు. మన అడవివరం సెంట్రల్ జైల్లో నిరాహారదీక్ష కూడా చేశాడు. 2024 ఫిబ్రవరిలో హైకోర్టు బెయిల్ ఇచ్చింది. మీరు ఏ పార్టీ వాళ్ళయినా సరే, నాకు అనవసరం, శిక్ష పడకుండానే అయిదేళ్ళు జైలు అంటే అది శిక్షే. వాయిదా మీద వాయిదా పడుతుంటే ముద్దాయి తల్లి ప్రతిసారీ బస్సు ఛార్జీలు పెట్టుకుని కోర్టు బయట నిలబడుతుంది. బాధితుల తల్లీ అంతే.

2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చాయి. వాటి మీద నాకు అభ్యంతరాలు చాలా ఉన్నాయి గానీ మూడు విషయాలు మాత్రం పట్టుకోండి. ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్వయంగా ఘటనా స్థలానికి రావాలి, దీన్ని అమల్లోకి తెచ్చుకోవడానికి రాష్ట్రాలకు అయిదేళ్ళు టైమిచ్చారు. సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలి. ఇంకోటి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు పోలీసులు చెప్పాలి. చెప్పకపోతే వెళ్ళి అడగండి, రాతపూర్వకంగా అడగండి, మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి.

మీలో లా పూర్తిచేసి ప్రాక్టీసు పెట్టబోయేవాళ్ళకు ఒక విన్నపం. సంచలన కేసు ఏదైనా జరిగితే టీవీ డిబేట్‌కి వెళ్ళే ముందు ఆ ఇంటికి వెళ్ళండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలని వాళ్ళకు తెలీదు. మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇవ్వొచ్చని తెలీదు. ముద్దాయిని వదిలేస్తే తామే అప్పీలుకు వెళ్ళొచ్చని, 2009 సవరణ నుంచి ఆ హక్కు బాధితులకు ఉందని చాలామంది లాయర్లే చెప్పరు. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేస్తే చాలు. మన జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. రేపు వర్కింగ్ డేనే, వీలైనవాళ్ళు ఒక పూట ఏదైనా సెషన్స్ కోర్టు హాల్లోకి వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చోండి, ఎక్కువ కేసుల్లో ఎవరూ ఆపరు, అది బహిరంగ న్యాయస్థానం. ఇక ప్రశ్నలు అడగండి, వాకపల్లి గురించి ముందు అడిగితే సంతోషిస్తాను.